చమురు ముందుకు నడచిన కథ

కాగిన కాఫీని చల్లార్చవలెనన్న మన ఇండ్లలో ఎవరును దానిని చూచుచు కూర్చుండరు. గ్లాసునుండి గిన్నెలోనికి, గిన్నెనుండి గ్లాసులోనికి ఎత్తి తిరగబోయుదురు. పలుచని ధారగా సాగినప్పుడు కాఫీ గాలికి ఎక్కువగా సోకి తనలోని వేడిని విడిచిపెట్టును. జర్మనీ దేశములోని పోర్షే కార్ఖానావారు తమ వేగపు కార్లలోని ఇంజను చమురును చల్లార్చుటకు ముప్పదియేండ్లు పడిన పాటు ఇట్టిదే. ధార ఎంత పొడవుండవలెను, గాలి ఎచట దొరకును అనునవే వారికి తెగని ప్రశ్నలు.

ఆ కార్లను లోకమంతయు గాలితో చల్లారు కార్లని పిలిచినది. ఆ పేరు సగమే నిజమని నా అభిప్రాయము. సాధారణమైన కారులో ఇంజను చుట్టును నీరు తిరిగి, వేడిని గ్రహించి, ముందున్న రేడియేటరులో దానిని వదలును. 1948లో ఆస్ట్రియాలోని గ్ముండ్ అను చిన్న ఊర మొదలైన పోర్షే 356 కార్లలో నీరు లేదు. ఫోక్స్‌వాగన్ ఇంజనునుండి పుట్టిన వాని ఇంజను కారు వెనుకభాగమున ఉండెడిది. ఒక ఫాను దానిమీదికి గాలిని తోలెడిది. నీరు లేనిచోట అది గడ్డకట్టుననియు, కారిపోవుననియు భయము లేదు. కాని గాలి సిలిండరు పైచర్మమును మాత్రమే తాకగలదు. పిస్టను అడుగుభాగమునకు, లోపల తిరుగు బేరింగులకు అది ఎట్లు చేరును? అచటికి పోగలిగినది చమురొక్కటే. జారుడునిచ్చుటతోపాటు వేడిని మోసికొని వచ్చు పనికూడ దాని నెత్తిన పడినది.

ఆ చమురును చల్లార్చుటకు ఫోక్స్‌వాగన్‌లో ఒక చిన్న కూలరును ఫాను పెట్టెలోనే నిలువుగా నిలిపిరి. దాని వెనుక మూడవ సిలిండరు ఉండెను. కూలరు మధ్య అడ్డుపడుటచేత ఆ సిలిండరునకు గాలి తక్కువై, అందినదికూడ వేడెక్కినదై యుండెడిది. అన్నకు వడ్డించి తమ్ముని పస్తు పెట్టినట్లు! 1971 మోడలునాటికి గాని ఆ కూలరును ప్రక్కకు జరిపి వేరుగా గూడు కట్టలేదు.

పోర్షే 911 కారు 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో కనబడినది. అప్పుడు దాని పేరు 901. ప్యుజో కంపెనీ అభ్యంతరముచేత మరుసటి యేట అంకె మారినది. ఆరు సిలిండరులు, 130 అశ్వశక్తి. హాన్స్ మెట్స్‌గర్ రూపకల్పనలో ముఖ్యుడు. ఇంజను అడుగున చమురు నిలువయుండక, ఒక పంపు దానిని తోడి వేరొక తొట్టిలో పోయును. మరియొక పంపు అచటినుండి ఒత్తిడితో లోనికి పంపును. మలుపులలో కారు ఎంత ఒరిగినను బేరింగులకు చమురు తప్పదు. ఇంజను వేడిగానుండి, నడచుచుండగనే ఈ కారులో చమురు మట్టము చూడవలెను. ఆపి చూచినచో మట్టము తప్పుగా కనబడును. తెలియనివారు అవసరము లేకున్నను పోయుదురు.

శక్తి పెరిగినకొలది ఇంజను ప్రక్కనున్న కూలరు చాలకపోయెను. 1969 మోడలులో 911 ఎస్ అను రకము 170 అశ్వశక్తికి చేరినపుడు, వెనుకనున్న చమురును గొట్టములద్వారా కుడిప్రక్క గడపక్రిందుగా కారు పొడవున నడిపించి, ముందు కుడి మడ్‌గార్డులో రెండవ కూలరునకు చేర్చిరి. చల్లబడిన చమురు మరల అంత దూరమును వెనుకకు రావలెను. మార్గమున ఒక థర్మోస్టాటును అమర్చిరి. చమురు సుమారు 85 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరువరకు అది త్రోవ తెరువదు. అతిగా చల్లనైన చమురు చిక్కబడి, ఇంజనునకు అదియును కీడే.

1972 మోడలులో ఒక విచిత్రము జరిగినది. కారు బరువు వెనుకకు మొగ్గకుండుటకై చమురు తొట్టిని వెనుక చక్రమునకు ముందునకు జరిపి, పోయుటకు తలుపు వెనుక వెలుపలనే ఒక మూత పెట్టిరి. ఈ కారునకు పెట్రోలు పోయు మూత ముందు ఎడమ మడ్‌గార్డుమీద నున్నది. బంకు కుర్రవాండ్రకు ఆ సంగతి తెలియునా? వెనుక కుడివైపున మూత కనబడగనే పెట్రోలు పోసిరని చెప్పుదురు. మరుసటి మోడలులోనే తొట్టి పాతచోటికి మరలిపోయినది. లెక్కలలో అది మంచి మార్పే, సందేహము లేదు. మూత పెట్టిన చోటు దానిని చెరచినది.

అసలు కష్టము తరువాత వచ్చినది. 1974 మోడలునుండి ఇంజను పరిమాణము 2.7 లీటర్లకు పెరిగెను. పెట్టె మాత్రము తేలికయైన మెగ్నీషియముదే. అమెరికాలో పొగను శుద్ధిచేయవలెనని చట్టము రాగా, 1975-77 సంవత్సరములలో అచటికి పోయిన కార్లలో పెక్కింటికి ఇంజనును అంటియే పొగను మరల మండించు ఉపకరణమును బిగించిరి. అనగా పొయ్యి ప్రక్కన మరియొక పొయ్యి. 1976లో ఫాను రెక్కలను 11 నుండి 5కు తగ్గించిరి. ముందు కూలరు లేని కార్లు వీనిలో చాల కలవు. వేడికి లోహము వ్యాకోచించి, సిలిండరు తలలను బిగించిన ఉక్కు స్టడ్డులు మెత్తని మెగ్నీషియములోని మరలను చీల్చుకొని పైకి వచ్చెను. ఎంత చమురు పోసినను ఊడిన మర బిగియదు గదా! యజమానులు ఇంజనునంతయు విప్పించి, రంధ్రములకు ఉక్కు తొడుగులు వేయించుకొనవలసివచ్చెను. 1978 మోడలుగా వచ్చిన 911 ఎస్‌సీలో పెట్టె అల్యూమినియముదైనది, ఫాను మరల 11 రెక్కలదైనది.

పందెములవారు ఈలోగా మేలైన చోటు కనుగొనిరి. 1973లో డేటోనా 24 గంటల పందెమును, సిసిలీ ద్వీపమున టార్గా ఫ్లోరియోను గెలిచిన కరేరా ఆర్‌ఎస్‌ఆర్ కారులో కూలరు ముక్కునడుమ నుండెను. అచట గాలి తిన్నగా గ్రుద్దుకొనును. మడ్‌గార్డులోని కూలరునకు గాలి వచ్చుటయే కష్టము, వచ్చినది బయటపడుట అంతకన్న కష్టము. పాత కార్లకు పెద్ద కూలరు పెట్టించుకొనువారు ఈ రెండవదానిని మరతురు. గాలికి పోవు త్రోవ లేనిచో కూలరు ఎంత పెద్దదైన నేమి?

కార్ఖానాలోని మార్పులు మెల్లగా సాగినవి. మొదట మడ్‌గార్డులో మెలికలు తిరిగిన వట్టి గొట్టమును పెట్టిరి. బాకా వాద్యమును పోలియుండుటచే దానికి ట్రాంబోన్ అని పేరు. తరువాత ఇత్తడి గొట్టముల కట్ట, ఆ పిమ్మట రెక్కల రేడియేటరు, 1980ల చివరికి దానికొక విద్యుత్ ఫాను వచ్చినవి. నాలుగు వాల్వుల సిలిండరు తలను గాలితో చల్లార్చుట దుస్సాధ్యమగుటచే 1997లో నీటి ఇంజనుగల 911 వచ్చెను. గాలి ఇంజనుగల చివరి 911 కార్ఖానాను విడిచినది 1998లో.

మిగిలిన పాత కార్లను పోషించువారికి ఒక అలవాటున్నది. కొంతదూరము నడిపి, కారు నిలిపి, ముందు కూలరునకు పోవు గొట్టమును వ్రేలితో మెల్లగా తాకిచూతురు. అది వెచ్చగానున్నచో థర్మోస్టాటు తెరచుకొన్నది. ఇంజను కాగియుండగా గొట్టము చల్లగానున్నచో, చమురు ఇంకను వెనుకనే తిరుగుచున్నదన్నమాట.