పరాయి ఇంటి అద్దె వసూలుకు లైసెన్సు: చట్టాలు చెబుతున్నదేమిటి?

అమెరికాలో స్థిరపడిన తెలుగువారిలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ అద్దెకిచ్చినవారు ఎందరో. టులెట్ బోర్డు పెట్టడం, అడ్వాన్స్ తీసుకోవడం, నెలనెలా అద్దె వసూలు, కుళాయి రిపేరు వంటివి చూసుకోవడానికి బంధువునో, కమీషన్ మీద పనిచేసే సంస్థనో పెట్టుకుంటారు. ఆ పని చూసేవారికి ఏ లైసెన్సు ఉండాలి?

చాలామంది చెప్పే జవాబు ‘రెరా’, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం. 2016 నాటి ఆ చట్టంలోని 9వ సెక్షన్ ఏజెంట్లు నమోదు కావాలన్న మాట నిజమే. కానీ 2వ సెక్షన్ ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఏజెంటు అంటే ప్రాజెక్టులోని ప్లాటు, ఫ్లాటు ‘అమ్మకం’ ద్వారా చేతులు మారేటప్పుడు మధ్యవర్తిగా ఉండేవాడు. అదే సెక్షన్ అద్దెకున్నవారిని ‘అలాటీ’ (ప్లాటు, ఫ్లాటు కేటాయింపు పొందిన వ్యక్తి) నిర్వచనం నుంచి స్పష్టంగా తప్పించింది. కాబట్టి అద్దె వ్యవహారం మాత్రమే చూసే మనిషి రెరా పరిధిలోకి రాడనే చదువుకోవాలి. సంస్థకు ట్రేడ్ లైసెన్సు, జీఎస్‌టీ నమోదు ఉండవచ్చు. అవి వ్యాపారం నడపడానికి, పన్ను కట్టడానికి సంబంధించినవి. యజమాని డబ్బు ఎలా దాస్తున్నారో అవి అడగవు.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కొంత ముందుకు వెళ్లింది. ‘ప్రాపర్టీ మేనేజర్’ను నిర్వచించి, అతని పేరు, అధికార పత్రం, ఏ పనులకు, ఎంత కాలానికి నియమించారో అద్దెదారుకు తెలపాలని, అద్దెకు రసీదు ఇవ్వాలని చెప్పింది. లైసెన్సు మాత్రం అడగలేదు. పైగా అది నమూనాయే. రాష్ట్రాలు స్వీకరిస్తే తప్ప అమల్లోకి రాదు.

కాలిఫోర్నియా దారి వేరు. ప్రతిఫలం తీసుకుని ఇతరుల ఇల్లు అద్దెకివ్వడం, అద్దె వసూలు చేయడం అక్కడ బ్రోకర్ లైసెన్సు కావలసిన పనులు. లైసెన్సు లేకుండా చేస్తే వ్యక్తికి 20,000 డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. యజమాని నుంచి పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారికి మినహాయింపు ఉంది. అయితే లైసెన్సు తప్పించుకునే ఎత్తుగా దాన్ని వాడకూడదని చట్టమే హెచ్చరిస్తుంది. మన దగ్గర జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఒక్కటే ఆధారంగా నడుస్తున్న ఇళ్లున్నాయి కాబట్టి ఈ హెచ్చరిక మనం గమనించదగ్గది.

బ్రిటన్‌లో ఒకే దేశంలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. వేల్స్‌లో 2014 గృహ చట్టం అద్దె ఏజెంట్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇంగ్లండ్ 2019 ఏప్రిల్ 1 నుంచి మరో దారి పట్టి, ఖాతాదారుల డబ్బు చేతిలో ఉంచుకునే ఏజెంట్లు ఆ డబ్బుకు రక్షణ కల్పించే పథకంలో చేరి తీరాలంది.

లైసెన్సు వల్ల మోసాలు తగ్గాయని ఈ చట్టాల పోలిక రుజువు చేయదు. నియమం ఏమిటో చట్టం చూస్తే తెలుస్తుంది, అమలు ఎలా ఉందో తెలియదు. అయినా ఒక పోలిక గట్టిగా నిలుస్తుంది. పరీక్ష పెట్టినా పెట్టకపోయినా, కాలిఫోర్నియా, ఇంగ్లండ్ రెండూ యజమాని డబ్బును ఏజెంటు సొంత డబ్బులో కలవనీయకుండా జాగ్రత్త పడ్డాయి.

ఈ డబ్బు విషయంలో మనకున్నది ప్రధానంగా 1872 కాంట్రాక్టు చట్టం. అడిగినప్పుడు లెక్క చెప్పాలని 213వ సెక్షన్, తనకు రావలసింది మినహాయించుకుని మిగతా వసూలు యజమానికి చెల్లించాలని 218వ సెక్షన్ ఏజెంటును బాధ్యుణ్ని చేస్తాయి. ఇవి బలమైన హక్కులే. కానీ డబ్బు పోయాక కోర్టుకెళ్లేవాడికే ఎక్కువగా అక్కరకొస్తాయి. కాలిఫోర్నియాలో కూర్చున్న యజమానికి ఆ ప్రయాణం తేలిక కాదు.

అందుచేత లైసెన్సు పరీక్ష కంటే ముందు మన రాష్ట్రాలు తేవలసింది వేరు ఖాతా, నెలవారీ లెక్క అనే రెండు నియమాలని నా అభిప్రాయం. అవి వచ్చేదాకా యజమాని చేయగలిగింది ఉంది: జీపీఏలో అమ్మే అధికారం రాయకుండా అద్దె పనులకే, నిర్ణీత కాలానికే పరిమితం చేయడం, అద్దె నేరుగా తన బ్యాంకు ఖాతాలో పడేలా ఒప్పందంలోనే రాయించడం. డబ్బు మేనేజర్ చేతికే రాకపోతే, లైసెన్సు లేని లోటు యజమానికి చేసే నష్టం చాలావరకు తగ్గుతుంది.