చేతిగడియారపు వంశచరిత్ర

లక్డీకాపూల్ నుండి బయలుదేరి, పబ్లిక్ గార్డెన్సును, శాసనసభా భవనమును దాటి, నాంపల్లి రైలు స్టేషను ముంగిట మీదుగా ఆబిడ్స్ కూడలికి చేరు బాట చిన్నదే యైనను, హైదరాబాదు నగరము గంటలను నిమిషములను లెక్కించుట నేర్చుకొన్న చరిత్రలో అధికభాగము ఆ బాట వెంబడినే నడచినది. అంతకుముందు నగరమునకు కాలమును చెప్పుచుండినవి నలుగురికి చెందిన పెద్ద గడియారములు. చార్మినారు నలుముఖములందును 1889లో గడియారములు అమర్చబడెను. 1892లో నిజాము ప్రధానమంత్రి ఆస్మాన్ జా మహబూబ్ చౌకులో గడియార స్తంభమును నిలిపెను. సికింద్రాబాదు స్తంభము 1897లో ప్రారంభమైనది. బజారునకు వచ్చినవాడు తల యెత్తి చూచి కాలము తెలిసికొని తన పనికి పోవుచుండెను. తన శరీరముననే కాలమును ధరించి తిరుగు భాగ్యము నాడు కొందరిదే.

ఈ స్థితిని మార్చిన మొదటి శక్తి రైలుబండి. వాడి జంక్షను నుండి సికింద్రాబాదు వఱకు నిజాము రాష్ట్రపు రైలుమార్గము 1874లో తెఱవబడినది. ఆ కాలమున దేశమందలి రైళ్ళు సాధారణముగా మద్రాసు సమయమును అనుసరించి నడచుచుండెను. 1906లో దేశమంతటికిని ఒకే ప్రామాణిక సమయము ఏర్పడగా, ఆ మఱుసటి యేడే, అనగా 1907లో, నాంపల్లి స్టేషను వెలసినది. ప్రొద్దు ఎంతెక్కినదో చూచి బయలుదేరిన ప్రయాణికుని కొఱకు బండి ఆగదు గనుక, గార్డునకును, స్టేషను మాస్టరునకును, కచేరి గుమాస్తాకును, వ్యాపారికిని జేబులోనో చేతికో నమ్మదగిన యంత్రము అవశ్యమైనది.

రెండవ శక్తి రాజాంతఃపురపు అభిరుచి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువున ఆల్బర్ట్ ఆబిద్ అను పరిచారకుడు ఉండెననియు, ప్రభువు ధరించు దుస్తులను, రత్నములను, పాదరక్షలను, గడియారములను ఎన్నిపెట్టుట ఆయన పనియనియు, ఆ అనుభవముతో ఆయన తెఱచిన పెద్ద దుకాణము పేరే ఆబిడ్స్ ప్రాంతమునకు నిలిచిపోయినదనియు నగరములో పరంపరగా చెప్పుకొందురు. విదేశపు సరకు కొనగలవారు ఆ దుకాణమునకు రాగా, దాని చుట్టును ఇతర దుకాణములు వెలసినవి. ఖరీదైన గడియారము అమ్ముడుపోవు చోట దానిని బాగుచేయువాని బల్లకును తావు దొరకినది. ఉర్దూలో ఘడీసాజ్ అని పిలువబడు ఆ పనివాడు, కంటికి భూతద్దమును, చేతికి సన్నని చిమటాను తోడుచేసికొని, మూడు నాలుగు తరములుగా ఆ వీధులలో మౌనముగా కొనసాగించిన విద్య ఈ నగరచరిత్రలో వ్రాయదగిన అధ్యాయము.

ఆ విద్యలోని తొలి పాఠము, డయలు మీది పేరు చూచి గడియారపు పుట్టుకను నిర్ణయింపరాదనుట. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ సంగతి దీనికి చక్కని నిదర్శనము. స్విట్జర్లండు వర్తకులు బొంబాయి కేంద్రముగా స్థాపించిన ఆ సంస్థ పేరు, దాని 'సొవార్' గుర్తు, సైనికుల నుండి రైల్వే ఉద్యోగుల వఱకు మన దేశమందు ప్రతియింటను పరిచితములు. కాని ఆ డయలు క్రింద తిరిగిన యంత్రము కొంతకాలము లాంజీన్ వారిది, మఱికొంతకాలము ఏ. షీల్డ్ వారిది. స్విట్జర్లండులో యంత్రమును మాత్రమే తయారుచేసి యితరులకు అమ్ము కర్మాగారములు వేఱుగా ఉండెను. వానిలో ఏ. షీల్డ్, ఫాంటెన్మెలాన్ మొదలగునవి 1926లో ఎబోష్ అను సంస్థగా ఏకమైనవి. కావున పేరులు పదులు, యంత్రము ఒక్కటే. ఆబిడ్సులో అధిక మూల్యమునకు అమ్ముడైన వాచీయు, నాంపల్లి స్టేషను వద్ద కొద్ది వెలకు దొరకిన వాచీయు లోపల తోబుట్టువులు కావచ్చును; ఒకదాని చక్రము రెండవదాని ప్రాణము నిలుపవచ్చును. బయట కనబడు గౌరవభేదమునకును లోపలి బంధుత్వమునకును గల ఈ దూరమును ఎఱిగినవాడే నిజమైన ఘడీసాజ్.

గుర్తించు విధానమును కొంచెము దగ్గఱగా చూతము. పనివాడు వెనుక మూతను విప్పి, ఇటునటు ఊగు బాలెన్సు చక్రమును ఒక క్షణము నిలిపి, దీపమును ఏటవాలుగా చూపినచో, దాని క్రింది పలక అంచున ఆవగింజంత చోటులో తయారీదారుని ముద్రయు, దాని ప్రక్కన నమూనా సంఖ్యయు కానవచ్చును. అవి చెఱిగిపోయియున్నచో, ముళ్ళను డయలును తీసి, కీ లాగినపుడు ముళ్ళు తిరుగునట్లు చేయు అమరికలోని స్ప్రింగు పలక ఆకారమును పరీక్షించును. అది ఒక్కొక్క నమూనాకు ఒక్కొక్క విధముగా కోయబడియుండును గనుకనే విడిభాగముల పట్టికలలో దాని బొమ్మలను అచ్చువేయుచుండిరి. పిమ్మట యంత్రపు వ్యాసమును లీన్యులలో కొలుచును. ఒక లీన్యు సుమారు 2.256 మిల్లీమీటరులు. చివరకు డయలు వెనుకనుండు రెండు చిన్న కాళ్ళు యంత్రములోని రంధ్రములలో సరిగా దిగుచున్నవా యని చూచును. కాళ్ళను కోసివేసి డయలును జిగురుతో అంటించియున్నచో, ఆ డయలును ఆ యంత్రమును ఒక గర్భమున పుట్టినవి కావని సందేహింపవలెను.

వెనుక మూత లోపలి వైపున మఱియొక సాక్ష్యము గలదు. వాచీని విప్పి శుభ్రపఱచిన ప్రతి పనివాడును సూదిమొనతో తన గుర్తును, తేదీని అచట గీయు ఆచారము ఈ వృత్తిలో లోకమంతటను కలదు. ఒక పాత మూతను వెలుగునకు త్రిప్పినచో, ఉర్దూ అంకెలు, ఇంగ్లీషు అంకెలు, పొడి అక్షరములు ఒకదాని ప్రక్క నొకటి మెఱయును. గ్రంథములకెక్కని పనివారి చరిత్రకు ఇంతకు మించిన శాసనము లేదు. మూతను మెఱుగుపెట్టు ఉత్సాహములో ఈ గీతలను అరగదీయుట నా దృష్టిలో శాసనమును చెక్కివేయుటయే.

వంశము తెలిసిన పిమ్మట భాగమును వెదకవలెను. పాత వాచీలో తఱచుగా విఱుగునది బాలెన్సు చక్రపు ఇరుసు. దాని కొనలు మిల్లీమీటరులో ఇంచుమించు పదవవంతు లావు మాత్రమే యుండుటచేత, క్రిందపడిన వాచీలో మొదట దెబ్బతినునది అదియే. తాకిడిని ఓర్చుకొను ఇన్‌కాబ్లాక్ అమరిక 1930 దశకములో రాకపూర్వము ఇరుసు మార్చుట పనివానికి దినచర్య. దగ్గఱి నమూనాలోని ఇరుసు చూచుటకు సరిపోయినట్లే యుండును. కాని దాని పొడవులో వెండ్రుకవాసి భేదమున్నను, వాచీ వెల్లకిల ఉంచినపుడు నడచి, బోర్లించినపుడు నిలిచిపోవును. మెయిన్ స్ప్రింగు సంగతియు అట్టిదే: వెడల్పు, మందము, పొడవు మూడును కలియవలెను. మందమెక్కువైనచో బాలెన్సు హద్దుమీఱి ఊగి, లివరును వెనుకనుండి కొట్టి, గడియారము పరుగెత్తును. గంటకు 18,000 కదలికలుగా, అనగా సెకనునకు ఐదు చొప్పున, లెక్కగట్టి నిర్మించిన యంత్రమునకు బలమెక్కువైనను దోషమే.

అద్దమును, కీని, పట్టాను అవసరమైనచో మార్చవచ్చును. అవి అరుగుటకే యున్నవి. డయలు విషయమున మాత్రము చేయి నిదానింపవలెను. మఱల రంగువేయించిన డయలు దూరమునుండి క్రొత్తదివలె మెఱయును గాని, నిమిషముల గీతలు అంకెలకు ఎదురుగా నిలువవు, అక్షరములు లావెక్కియుండును, అడుగున నుండవలసిన స్విస్ ముద్ర మాయమై యుండును. చీకటిలో వెలుగుటకు పూర్వము రేడియము పూసిన డయళ్ళను గీకుట ప్రమాదకరము. పూత వెలుగుట మానినను, రేడియము తీక్ష్ణత సగమగుటకే సుమారు 1,600 సంవత్సరములు పట్టును. మచ్చపడినను పుట్టుకతో వచ్చిన డయలును ఉన్నదున్నట్లు కాపాడుటయే విజ్ఞత.

స్వాతంత్ర్యానంతరము విదేశపు సరకు దిగుమతిపై కట్టడి బిగిసిన దినములలో స్విస్ భాగములు అరుదైనవి. ఆ కొఱతలోనే మన గడియారములు పుట్టినవి. జపానుకు చెందిన సిటిజన్ సహకారముతో హెచ్.ఎం.టి. 1961లో బెంగుళూరులో వాచీల తయారీ ఆరంభించినది; పదియేడు రాళ్ళ జనతా వాచీ, దాని డయలు మీది 'పారాషాక్' అను మాట, లక్డీకాపూల్ కచేరీల గుమాస్తాల ముంజేతులందును, ఉపాధ్యాయుల ముంజేతులందును, పెండ్లిలో మామగారు పెట్టిన కానుకలందును తఱచుగా కనబడినవి. 1942లో స్థాపితమైన మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ, బస్సులకును శీతలయంత్రములకును తోడుగా, జపానుకే చెందిన సీకో సహకారముతో 1981లో చేతిగడియారములను తయారుచేయ మొదలిడినది. ఈ రెండు పరిశ్రమల వలన ఆబిడ్స్, నాంపల్లి పనివారి సొరుగులలోని సరకు స్వభావమే మారినది: స్విస్ సంఖ్యల ప్రక్కన జపాను మూలముగల సంఖ్యలు చేరినవి, జనతాలోని చక్రమునకు బదులు ఏ స్విస్ చక్రమును పనికిరాదు గాని, అదే కుటుంబపు మఱియొక హెచ్.ఎం.టి. వాచీ దానికి భాగదాత కాగలదు.

అంతలో క్వార్ట్జు వచ్చినది. సీకో 1969లో లోకమునకు చూపిన ఆ విద్యను, 1984లో స్థాపితమైన టైటాన్ మన దేశమందు ఇంటింటికి చేర్చినది. బ్యాటరీ మార్చుటయే బాగుచేయుట యైనది. ఆల్విన్ వాచీలు అంగడి నుండి తొలగినవి, హెచ్.ఎం.టి. వాచీల సంస్థ 2016లో మూతపడినది. కర్మాగారములు మూతపడిన పిమ్మట క్రొత్త భాగమునకు పుట్టినిల్లు లేదు. నేడు పనివానికి ఆధారములు ముఖ్యముగా రెండు: పూర్వులు పొట్లములలో కట్టి సంఖ్య వ్రాసి దాచిన భాగములు, జుమేరాత్ బజారు వంటి పాతసరకు అంగళ్ళలో దొరకు చెడిన వాచీలు. ఒకటి బ్రదుకుటకు మఱియొకటి విప్పబడవలసిన ఈ దశలో, దేనిని నిలుపవలెనో దేనిని విప్పవలెనో నిర్ణయించుట నైపుణ్యముతోపాటు ధర్మబుద్ధిని కోరుచున్నది. పూర్ణముగానున్న వాచీని లాభము కొఱకు ముక్కలు చేయుటయు, మూడు వాచీల ముక్కలను చేర్చి అసలైనదని అమ్ముటయు ఈ వృత్తికి తీరని కళంకములు.

యోగ్యమైన విడిభాగములలో అదే కర్మాగారమున అదే నమూనాకై పుట్టినది ఉత్తమము. అదే కుటుంబమునకు చెంది కొలతలో సరిపోవునది మధ్యమము. చేతితో క్రొత్తగా చేయబడినది, ఆ సంగతి దాచకుండ చెప్పినచో, గౌరవనీయము. ఏది వేసినను, తీసిన భాగమును చిన్న పొట్లములో కట్టి యజమానికి తిరిగి యిచ్చుటయు, వేసినదేదో కాగితముపై వ్రాసి యిచ్చుటయు ఆచారము కావలెను. మొజంజాహీ మార్కెట్టు కట్టడమును 2020లో పునరుద్ధరించుకొనిన నగరము, దాని గోపురపు గడియారమును చూచి తమ చేతివాచీని సరిచేసికొన్న జనుల గడియారములను, వానిని కాపాడిన చేతులను ఉపేక్షించుట న్యాయము కాదు. పూర్వులు దాచిన ఆ పొట్లముల మీది సంఖ్యలను చదువగలవారు వృద్ధులగుచున్నారు. వారి యెదుట యువకులను కూర్చుండబెట్టి, ఆ సంఖ్యల అర్థమును వ్రాయించుకొనుట ఇప్పటి పని. తండ్రి వాచీ పెట్టెలో నిద్రించుచున్న ప్రతివాడును దానిని వంశమెఱిగిన పనివానికి అప్పగించి, తగిన వేతనమిచ్చి, నడిపించుకొని ధరించినచో, ఈ వృత్తికి రేపును నేర్చువారు దొరకుదురు.