పొట్లచెరువు నుండి రుద్రారం దాకా: జనాభా పట్టికలో ఊళ్ల స్థానం

పొన్నికంటి తెలగన తన ‘యయాతి చరిత్రము’ను పొట్లచెరువు వాసి అమీన్ ఖానుకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెనుగు కావ్యంగా అది ప్రసిద్ధం. ప్రస్తుత పరిశీలనకు కావలసింది కావ్యభాష కాదు, ఊరు. ఆనాడు గోలకొండను ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) ఏలుతున్నాడు. హైదరాబాదు నిర్మాణం 1591 నాటిది. అంటే పొట్లచెరువు, నేటి పటాన్‌చెరు, హైదరాబాదు పుట్టకముందే కావ్యపోషణ చేయగలిగిన స్థలం. 2011 జనగణన పట్టికలో దానికి ప్రత్యేక పట్టణంగా స్థానం లేదు.

పట్టణాలను జనాభా క్రమంలో పేర్చితే రెండవది మొదటిదానిలో సగం, మూడవది మూడోవంతు ఉండే ధోరణిని జార్జ్ జిప్ఫ్ 1949లో ప్రచారంలోకి తెచ్చాడు. అంతకు ముందే, 1939లో, మార్క్ జెఫర్సన్ మరో స్థితిని గుర్తించాడు: మొదటి నగరం తక్కిన వాటినన్నిటినీ మరుగుజ్జులను చేసి నిలవడం. తెలంగాణ ఈ రెండో కోవలోనిది. 2011లో హైదరాబాదు పట్టణ సముదాయ జనాభా సుమారు 77 లక్షలు. వరంగల్లుది సుమారు 7.6 లక్షలు. నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో విశాఖపట్నం నగరం 17 లక్షలు, విజయవాడ 10 లక్షలు. అక్కడి తేడా రెండింతలకు లోపే.

ఈ పదింతల అంతరానికి వలసలే కారణమనడం సులభం. లెక్కలు మరొకటి కూడా చెబుతున్నాయి. హైదరాబాదు నగరపాలక సంస్థ జనాభా 2001లో సుమారు 36 లక్షలు. 2011 నాటికి గ్రేటర్ సంస్థ జనాభా 67 లక్షలు. పెరుగుదల 80 శాతం పైమాటే. అదే దశాబ్దంలో పట్టణ సముదాయం సుమారు 57 లక్షల నుండి 77 లక్షలకు, అనగా మూడోవంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే పెరిగింది. ఈ రెంటికీ నడుమ ఉన్న తేడా ప్రధానంగా హద్దులు జరపడం వల్ల వచ్చినది. 2007లో గ్రేటర్ సంస్థ ఏర్పడినప్పుడు పన్నెండు మునిసిపాలిటీలు అందులో కలిశాయి. బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారంతో ఎదిగిన రామచంద్రాపురం, 1972లో ఇక్రిశాట్ వెలసిన పటాన్‌చెరు ఆ పన్నెండింటిలోనివే. చిన్న పట్టణాలు క్షీణించి కాదు, ఎదిగినందువల్లనే వరుసలోంచి తొలగిపోయాయి.

ఆ విలీన రేఖ రుద్రారం దాకా రాలేదు. ముంబై రహదారిపై పటాన్‌చెరు దాటాక వచ్చే ఈ ఊరు ఒకప్పుడు గణేశ్‌గడ్డ ఆలయంతోనే పరిచితం. ఇప్పుడు అక్కడ తోషిబా విద్యుత్ పరికరాల కర్మాగారం, గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్నాయి. షిఫ్టు బస్సుల్లో వచ్చి పోయే కార్మికులను జనగణన వారు నివసించే చోటనే లెక్కిస్తుంది. పగటి ఊరికీ, పట్టికలోని ఊరికీ పొంతన కుదరదు.

పట్టణ ప్రతిపత్తి లేని ఊరిని జనగణన పట్టణంగా గుర్తించాలంటే కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది సాంద్రత, ప్రధాన పనివారైన పురుషుల్లో 75 శాతం వ్యవసాయేతర వృత్తుల్లో ఉండడం అవసరం. పురుషులనే ఎందుకు లెక్కించాలో ఆలోచించదగినది: ఈ కొలతలో ఒక స్త్రీ పొలం విడిచి కర్మాగారంలో చేరినా ఆమె ఊరు పట్టణత్వానికి ఒక్క అడుగు కూడా దగ్గర కాదు. ఈ షరతులన్నీ నెరవేరినా ఆ గుర్తింపు లెక్కల వరకే. దానితో ఊరికి మునిసిపాలిటీ రాదు, పాలన పంచాయతీ చేతిలోనే ఉంటుంది.