లైనక్స్ వేశాక వైఫై రాకపోతే మళ్లీ ఫార్మాట్ కొట్టించకండి, ముందు ఇవి చూడండి

వికారాబాద్/తాండూరు: విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ లేదా ఆపైది ఉండాలి. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌గా కొనుక్కొచ్చిన పాత లాప్‌టాప్‌లు చాలావరకు ఈ లెక్కలోకి రావు. అలాంటి వాటికి లైనక్స్ మింట్, ఉబుంటు లాంటివి మంచి దారి. పైసా ఖర్చు లేదు, పాత మెషిన్ మీద కూడా నడుస్తాయి, తెలుగూ ఉర్దూ రెండూ టైప్ చేసుకోవచ్చు.

చిక్కంతా ఇన్‌స్టాల్ అయ్యాక మొదలవుతుంది. స్క్రీన్ బాగానే వస్తుంది, సౌండ్ వస్తుంది, వైఫై గుర్తు మాత్రం కనిపించదు. లేదంటే కనెక్ట్ అయినట్టు చూపిస్తుంది కానీ ఒక్క సైట్ కూడా తెరుచుకోదు. ఇంట్లో ఉన్నది ఒకటే లాప్‌టాప్. దాంట్లోనే చెల్లి దోస్త్ అప్లికేషన్, తమ్ముడి ఈపాస్ స్కాలర్‌షిప్, మైనారిటీ గురుకులం దరఖాస్తు. లాస్ట్ డేట్ దగ్గర పడుతుంటే ఎవరికైనా కంగారు పుడుతుంది. వెంటనే షాపుకు తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించి, క్రాక్ చేసిన విండోస్ వేయించుకొస్తారు. దాంతోపాటు స్కాన్ చేసి పెట్టుకున్న సర్టిఫికెట్లు, నికా ఫోటోలు కూడా పోతాయి. నిజానికి చాలాసార్లు లైనక్స్ బాగానే ఉంటుంది. తెగింది ఒక్క చోటే. ఆ చోటు ఎక్కడో తెలిస్తే అరగంట పని.

తెగే చోట్లు మూడు. వైఫై కార్డును లైనక్స్ గుర్తించకపోవడం ఒకటి. గుర్తించినా రౌటర్‌తో సరిగ్గా కలవకపోవడం రెండోది. రౌటర్‌తో కలిసి, నెట్ కూడా వచ్చి, సైట్ పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ పనిచేయకపోవడం మూడోది. మూడింటికీ మందులు వేరు. డ్రైవర్ లేనిదానికి డీఎన్ఎస్ మారిస్తే ఏం లాభం లేదు.

ముందు ఫోన్‌తో నెట్ తెచ్చుకోండి

వైఫై డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే వైఫై కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దీనికి మీ ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. చార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర 'యూఎస్‌బీ టెథరింగ్' ఆన్ చేయండి. లైనక్స్ దాన్ని వైర్డ్ కనెక్షన్‌గా తీసుకుంటుంది, డ్రైవర్ ఏమీ అడగదు. కేబుల్ మాత్రం డేటా వెళ్లేది అయి ఉండాలి. చౌక కేబుళ్లు కొన్ని చార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరావు. ఇంకో మాట, అప్పుడే మొత్తం సిస్టమ్ అప్‌డేట్ పెట్టకండి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ అయితే అందులోనే అయిపోతుంది. డ్రైవర్ వరకే దించుకోండి, మిగతాది వైఫై వచ్చాక.

కార్డు కనిపించకపోతే

టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ' అని కొట్టండి. (కమాండ్లన్నీ ఇక్కడ తెలుగులో రాస్తున్నాం, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఇది ఎల్, ఎస్, పి, సి, ఐ, మధ్యలో ఖాళీ లేకుండా.) వచ్చే జాబితాలో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని ఉన్న లైన్ చూస్తే కార్డు ఏ కంపెనీదో తెలుస్తుంది. ఇంటెల్ అయితే సాధారణంగా ఇబ్బంది ఉండదు. పాత డెల్, ఆపిల్, హెచ్‌పీ మెషిన్లలో బ్రాడ్‌కామ్ ఉంటుంది. దాని డ్రైవర్ విడిగా వేయాలి. ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్', మింట్‌లో 'డ్రైవర్ మేనేజర్' తెరిస్తే అదే చూపిస్తుంది. మింట్‌లో ఇంకో సౌకర్యం ఉంది. నెట్ లేకపోయినా ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌నే మళ్లీ పెడితే బ్రాడ్‌కామ్ డ్రైవర్ అందులోంచి తీసుకుంటుంది. అందుకే పని మొత్తం అయ్యేదాకా ఆ పెన్‌డ్రైవ్‌ను చెరిపేయకండి. డెబియన్ వేసుకునేవాళ్లు 2023లో వచ్చిన 12వ వెర్షన్ లేదా తర్వాతిది తీసుకోవాలి. అంతకుముందు మామూలు ఇన్‌స్టాలర్‌లో వైఫై ఫర్మ్‌వేర్ ఉండేది కాదు.

డ్రైవర్ వేసినా వైఫై రాలేదని చెప్పేవాళ్లు చాలాసార్లు ఒక నీలం స్క్రీన్‌ను దాటేసి ఉంటారు. లాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, బయటి డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ అయ్యాక నీలం స్క్రీన్ మీద 'మోక్ మేనేజ్‌మెంట్' అని వస్తుంది. పది సెకన్లలో ఏదో ఒక కీ నొక్కకపోతే అదే వెళ్లిపోతుంది, డ్రైవర్ పనిచేయదు. అక్కడ 'ఎన్‌రోల్ మోక్', 'కంటిన్యూ', 'ఎస్' నొక్కి, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ కొట్టి రీబూట్ చేయాలి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు అక్షరాలు కనిపించవు, కంగారు పడకండి.

కార్డు ఉంది, డ్రైవర్ ఉంది, అయినా వైఫై ఆఫ్ అంటోందా? 'ఆర్ఎఫ్‌కిల్' కమాండ్ చూడండి (ఆర్, ఎఫ్ తర్వాత కిల్). 'సాఫ్ట్ బ్లాక్డ్' అంటే 'సూడో ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' అని కొడితే పోతుంది. 'హార్డ్ బ్లాక్డ్' అంటే కీబోర్డ్ మీద విమానం గుర్తున్న బటనో, పక్కన చిన్న స్విచ్చో ఆఫ్ అయి ఉండొచ్చు. విండోస్‌ను ఉంచుకుని పక్కన లైనక్స్ వేసినవాళ్లు విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' తీసేయాలి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, వైఫై కార్డును తన చేతిలోనే పెట్టుకుని పడుకుంటుంది.

కార్డు ఎంతకీ పనిచేయకపోతే యూఎస్‌బీ డాంగిల్ కొనడమే సులువు. డబ్బా మీద పేరు చూసి మాత్రం కొనకండి. టీపీలింక్ 722ఎన్ దీనికి మంచి ఉదాహరణ. దాని మొదటి వెర్షన్‌లో అథెరోస్ 9271 చిప్ ఉండేది, అది లైనక్స్‌లో పెట్టగానే పనిచేస్తుంది. తర్వాతి వెర్షన్లలో అదే పేరుతో రియల్‌టెక్ చిప్ పెట్టారు, దాంతో కష్టాలు. అథెరోస్ 9271 లేదా మీడియాటెక్ 7601, 7612 యూ చిప్ ఉందా అని అడిగి తీసుకోండి.

సిగ్నల్ ఉంటుంది, నిలబడదు

తాండూరు నాపరాయి గోడలు మందంగా ఉన్న ఇళ్లల్లో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఒక గది దాటేసరికి బలహీనపడుతుంది. రౌటర్ రెండు పేర్లు చూపిస్తుంటే, దూరం గదిలో 2.4 పేరుకే కలపండి. ఇది లైనక్స్ లోపం కాదు. రౌటర్ పక్కన కూర్చుంటేనే సిగ్నల్ వచ్చే హెచ్‌పీ లాప్‌టాప్ అయితే మాత్రం వేరే సంగతి. రియల్‌టెక్ 8723బీఈ కార్డున్న కొన్ని మోడళ్లలో యాంటెన్నా ఒకటే కలిపి ఉంటుంది, డ్రైవర్ రెండో దాన్ని వెతుకుతూ ఉంటుంది. ఆ డ్రైవర్ ఆప్షన్లలో 'యాంట్ సెల్' విలువను 1 కానీ 2 కానీ పెడితే తేడా వెంటనే తెలుస్తుంది.

రెండు మూడు నిమిషాలకోసారి తెగిపోతుంటే పవర్ సేవింగ్‌ను అనుమానించండి. ఉబుంటు, మింట్‌లలో నెట్‌వర్క్ మేనేజర్ సెట్టింగ్ ఫైల్లో 'వైఫై డాట్ పవర్‌సేవ్' అన్న చోట 3 ఉంటే 2 చేయాలి. బ్యాటరీ కొంచెం ఎక్కువ తాగుతుంది, అంతే.

పేరు తెలియక ఆగిపోయిన నెట్

ఇక డీఎన్ఎస్. తాండూరు బజార్లో ఫలానా రాళ్ల షాపు ఎక్కడ అని అడిగితే ఎవరో ఒకరు దారి చెబుతారు. రోడ్డు బాగానే ఉంది, దారి చెప్పేవాడే లేడనుకోండి. డీఎన్ఎస్ పోతే జరిగేది అదే. పరీక్ష చాలా చిన్నది. టెర్మినల్‌లో 'పింగ్ 8.8.8.8' కొట్టండి. జవాబులు వరసగా వస్తే నెట్ ఉన్నట్టే (ఆపడానికి కంట్రోల్, సి). ఇప్పుడు అంకెల బదులు గూగుల్ డాట్ కామ్ అని పేరుతో పింగ్ చేయండి. అంకెలకు జవాబు వచ్చి పేరుకు రాకపోతే జబ్బు డీఎన్ఎస్‌దే. రెండింటికీ రాకపోతే డీఎన్ఎస్ జోలికి పోకండి, రౌటర్, రీచార్జ్ చూడండి.

మందు సెట్టింగ్స్‌లోనే ఉంది. మీ వైఫై పేరు పక్కన పళ్ల చక్రం గుర్తు నొక్కి, 'ఐపీవీ4'లో డీఎన్ఎస్ దగ్గర 'ఆటోమేటిక్' తీసేసి 1.1.1.1, 8.8.8.8 అని కామాతో రాసి, వైఫైని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. మొదటిది క్లౌడ్‌ఫ్లేర్ 2018లో మొదలుపెట్టింది, రెండోది 2009 నుంచి ఉన్న గూగుల్‌ది. పాత యూట్యూబ్ వీడియోలు చూసి 'రిసాల్వ్ డాట్ కాన్ఫ్' ఫైల్‌ను చేత్తో మార్చేవాళ్లున్నారు. ఉబుంటులో అందులో 127.0.0.53 అని ఉంటుంది. అది తప్పు అడ్రస్ కాదు, మీ మెషిన్‌లోనే ఉన్న డీఎన్ఎస్ సర్వీసు. మీరు మార్చినా సిస్టమ్ మళ్లీ తిరగరాస్తుంది. అసలు ఏ డీఎన్ఎస్ వాడుతోందో తెలియాలంటే 'రిసాల్వ్‌సీటీఎల్ స్టేటస్' కొట్టండి.

ఫైర్‌ఫాక్స్‌లో సైట్లు వస్తున్నాయి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మాత్రం కావడం లేదంటే, బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్ చేసి ఉండొచ్చు. బ్రౌజర్ తన దారిన పోతుంది, మిగతా సిస్టమ్ పాడైన డీఎన్ఎస్ మీదే ఆధారపడుతుంది. రైల్వే స్టేషన్, కాలేజీ, హాస్టల్ వైఫైల దగ్గర ఇది తిరగబడుతుంది. అక్కడ ఓటీపీ అడిగే లాగిన్ పేజీ రావాలంటే వాళ్ల డీఎన్ఎస్సే వాడాలి, అంటే మళ్లీ 'ఆటోమేటిక్' పెట్టాలి. పేజీ అయినా రాకపోతే అడ్రస్ బార్‌లో 'నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్' కొడితే చాలాసార్లు వచ్చేస్తుంది.

పాత లాప్‌టాప్‌లలో ఇంకో దొంగ ఉంది, గడియారం. మదర్‌బోర్డు మీద బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. పింగ్ పనిచేస్తుంది, డీఎన్ఎస్ పనిచేస్తుంది, కానీ బ్రౌజర్ ప్రతి సైట్‌కూ 'సురక్షితం కాదు' అంటుంది. ఈపాస్ సైట్ పాడైందనుకుంటారు. సెట్టింగ్స్‌లో 'ఆటోమేటిక్ టైమ్' ఆన్ చేసి, వీలైనప్పుడు ఆ బ్యాటరీ మార్పించండి.

పిల్లలు వాడే లాప్‌టాప్ అయితే డీఎన్ఎస్ దగ్గర 1.1.1.1 బదులు 1.1.1.3, 1.0.0.3 రాయొచ్చు. అశ్లీల సైట్లను, వైరస్ సైట్లను ఆపడానికి క్లౌడ్‌ఫ్లేర్ 2020లో తెచ్చిన సర్వీసు ఇది, ఉచితం. రౌటర్‌లోనే పెడితే ఇంట్లో వైఫై మీదున్న ఫోన్లన్నిటికీ వర్తిస్తుంది. మొబైల్ డేటాకు మారినా, ఫోన్‌లో 'ప్రైవేట్ డీఎన్ఎస్' వేరేది పెట్టుకున్నా మాత్రం ఇది ఆపలేదు.

ఇంకా లైనక్స్ వేయనివాళ్లు పెన్‌డ్రైవ్ నుంచి 'ట్రై' మోడ్‌లో నడిపించి, అక్కడే వైఫై కలిపి చూసుకోండి. అందులో వచ్చిన వైఫై సాధారణంగా ఇన్‌స్టాల్ చేశాకా వస్తుంది. ఇవన్నీ చేసినా రాక ఎవరినైనా అడగాల్సి వస్తే, కార్డు పేరున్న ఆ ఒక్క లైన్‌ను, రెండు పింగ్‌ల ఫలితాన్ని ఫోటో తీసి పంపండి. హైదరాబాద్‌లో తెలుగు లైనక్స్ మీద ఏళ్లుగా పనిచేస్తున్న స్వేచ్ఛ వాళ్లనైనా, తెలిసిన భాయ్‌నైనా, వాళ్లు మొదట అడిగేది అదే.