రోళ్ళకు కక్కు కొట్టేవారు

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు ముస్లింలలో వెనుకబడిన జమాతులకు 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసింది. ఆ చట్టానికి ఒక జాబితా ఉంది. మనలో చాలామంది దాన్ని ఒకే గరజుతో చూస్తాం: మన పేరు ఉందా, లేదా? ఉంటే సర్టిఫికెట్, ఆ తర్వాత సీటు. కాగితం మడిచి అల్మారాలో పెట్టేస్తాం. నాకైతే అది తారీఖ్ కితాబులా కనబడుతుంది. అందులో ఒకచోట పేర్లు ఇట్లా వరుసగా వస్తాయి: తురక కాశ, కక్కుకొట్టే జింక సాయిబులు, చక్కిటకానేవాలే, తిరుగటిగంట్ల, రోళ్ళకు కక్కు కొట్టేవారు, పత్తర్ ఫోడులు. కాసె అంటే తెలుగులో రాతిపని. చక్కీ, పత్తర్ మన జుబాన్. రెండు భాషలూ కలిసి ఒకే పేషాను చెప్తున్నాయి. ఆ పేషా మరమ్మత్. ఇంట్లో అరిగిపోయిన రాయిని మళ్ళీ పనికి తేవడం.

మిక్సీ జమానాలో పుట్టిన పిల్లల కోసం కొంచెం వివరంగా చెప్తాను. విసుర్రాయికి రెండు పళ్ళాలు ఉంటాయి. కింది దాని నడుమ కీల్, పై దానికి గింజలు పోసే కన్ను, తిప్పడానికి కట్టె పిడి. రాయి ఎంత గట్టిదైనా రోజూ జొన్నలు విసిరితే నున్నగా అవుతుంది. నున్నటి రాయి మీద గింజ పగలదు, జారుతుంది. చెయ్యి నొస్తుంది, రాయి వేడెక్కుతుంది, పిండి మాత్రం బరకగానే పడుతుంది. అప్పుడు ఛేనీ, సుత్తి పట్టుకుని రాయి ముఖం మీద చిన్నచిన్న గుంటలు కొట్టాలి. అవే కక్కులు. చూస్తే ఎవరైనా కొట్టొచ్చు అనిపిస్తుంది. కానీ నడుమ కొంచెం పల్లం ఉండాలి, అప్పుడే గింజ లోపలికి పోతుంది. అంచుల దగ్గర రెండు పళ్ళాలూ సమంగా కలవాలి, అక్కడే పిండి మెత్తగా అయ్యేది. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే అంచు ఎగిరిపోతుంది. కక్కు కొట్టించిన రోజు మొదట గుప్పెడు తవుడు విసిరి పారేసేవాళ్ళు, రాతిపొడి అన్నంలోకి రాకుండా.

మా నానీది ఎల్లారెడ్డి వైపు. కక్కు కొట్టే చిచ్చా ఊళ్ళోకి వచ్చాడంటే గల్లీలోని ఆడవాళ్ళంతా రోళ్ళు, సిల్‌బట్టలు బయటికి దొర్లించేవాళ్ళట. పైసలు ఇచ్చేవాళ్ళు తక్కువ, జొన్నలు కొలిచేవాళ్ళు ఎక్కువ. చిచ్చా రావడం మానేశాక నానీ తనే ఒక విరిగిన ఛేనీతో సిల్ మీద కొట్టుకునేది. మసాలా నూరడానికి ఆ పని చాలు. చక్కీ జోలికి మాత్రం పోలేదు. ఇంట్లో ఏది మనం చేసుకోవచ్చు, ఏది ఉస్తాద్ చేతికివ్వాలి అన్న హద్దు ఆడవాళ్ళకు బాగా తెలుసు.

ఈ రాయికి అదబ్‌లో కూడా జాగా ఉంది. బీజాపూర్ సూఫీల పరంపరలో చక్కీనామా, చర్ఖానామా అనే పాటలు దక్కనీలో పుట్టాయి. ఆడవాళ్ళు చక్కీ విసురుతూ, నూలు వడుకుతూ పాడుకునేవి. దక్కన్‌లో ఇస్లాం పల్లె ఇళ్ళలోకి ఎట్లా చేరిందో చెప్తూ రిచర్డ్ ఈటన్ 1978లో వచ్చిన తన పుస్తకంలో ఈ పాటలకు పెద్ద పీట వేశాడు. సూఫీల గురించి జల్సాల్లో గంటలు గంటలు మాట్లాడుకుంటాం. ఆ పాట ఆగకుండా చక్కీకి కక్కు కొట్టిపెట్టిన మనిషి ప్రస్తావన ఏ జల్సాలోనూ నేను వినలేదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇలాఖా ఎక్కువగా మెట్ట. జొన్న, మక్క తినే ఇలాఖా, అంటే విసుర్రాయి లేకుండా పొద్దు గడవని ఇలాఖా. 1922లో పూర్తయిన పోచారం చెరువు ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట పొలాలకు నీళ్ళిచ్చింది. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది, నవాబ్ అలీ నవాజ్ జంగ్ హునర్. దాని ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు అనుకున్నారు. డ్యామ్ మనకు దగ్గరే, నీళ్ళు మాత్రం ఎక్కువగా బాన్సువాడ, బోధన్ వైపు పారాయి. వరి పెరిగిన చోట జొన్నరొట్టె తగ్గింది. ఆ తర్వాత కరెంటు వచ్చింది, దానితో గిర్నీ వచ్చింది. ఇంటి చక్కీని ఓడించింది గిర్నీయే. సిల్‌బట్ట ఇంకొన్నాళ్ళు నిలబడింది, మిక్సీ వచ్చేదాకా.

కలాయి సంగతీ ఇంతే. రాగి గిన్నెలో చింతపండు పులుసు వండితే చిలుము పట్టి విషమవుతుంది. మన ఇళ్ళలో ఖట్టీదాల్ లేని రోజు ఉండదు. అందుకే గిన్నె లోపల తగరం పూత కావాలి. కలాయివాలా నేలలో గుంట తవ్వి, బొగ్గులు పోసి, తిత్తితో ఊదేవాడు. గిన్నెలో ఇసుక పోసి, లోపల నిలబడి కాళ్ళతో తిరుగుతూ తోమేవాడు. వేడెక్కిన గిన్నెలో నౌసాదర్, అదే నవాసారం, చల్లితే తెల్లటి పొగ లేచేది. అది మురికిని తీసేస్తేనే తగరం అంటుకుంటుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. పాత గుడ్డ, దూది పెట్టి ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెండిలా మెరిసేది. ఇంట్లో ఎవరూ చేసుకోకూడని పని ఇది, ఆ పొగ ఛాతీని పాడుచేస్తుంది. స్టీలు గిన్నెలతో ఈ పేషా వెనక్కిపోయింది. రాగి దేగ్‌లు వాడే బావర్చీలకు మాత్రం కలాయి ఇప్పటికీ కావాలి. గుట్టు బయటపడితే ఉర్దూలో 'కలయీ ఖుల్ గయీ' అంటాం. పూత పోయిన గిన్నె చూడనివాళ్ళకు ఆ మాటలో మజా అందదు.

ఇంటివాళ్ళు పూర్తిగా సొంతంగా చేసుకున్న పని సఫేదీ. రంజాన్ ముందు సున్నపురాళ్ళు తెచ్చి కుండలో నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగేది. పిల్లల్ని దూరంగా తరిమేవాళ్ళు. రాత్రంతా నాననిచ్చి, వడగట్టి, గోడను ముట్టుకుంటే చేతికి అంటకుండా కొంచెం గోంద్, తెల్లగా కనబడడానికి కొంచెం నీల్ కలిపేవాళ్ళు. ఈత మట్టను నలగగొడితే అదే కుంచె. ఇందులో ఉస్తాద్ అక్కర్లేదు, ఖర్చూ లేదు. దీనితో ఏ జమాత్ పేరూ పుట్టలేదు.

దూదేకుల పేరు కూడా మరమ్మత్ పేరే. రజాయీలో గడ్డకట్టిన దూదిని విల్లుతో ఏకి మళ్ళీ మెత్తగా చేయడం. థర్‌స్టన్ 1909లోనే వీళ్ళను దూది ఏకేవాళ్ళుగా, మంచాల నవారు నేసేవాళ్ళుగా రాశాడు. జాబితాలో పక్కనే ఉన్న లద్దాఫ్ అనే పేరు అరబీ నద్దాఫ్ నుంచి వచ్చింది. అర్థం అదే, దూది ఏకేవాడు. 922లో బగ్దాద్‌లో ఉరికంబం ఎక్కిన మన్సూర్ పేరులోని హల్లాజ్‌కూ అర్థం అదే. దూదేకులవాళ్ళు బీసీ-బిలో ముందునుంచీ ఉన్నారు. కక్కు కొట్టేవాళ్ళకు 2007 దాకా కాగితం మీద జాగాయే దొరకలేదు. దొరికిన తర్వాత కూడా 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ ఏడే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి నడుస్తోంది.

పోయిన ఏడాది కామారెడ్డిలో నాకు తెలిసిన ఒక అమ్మాయికి ఈ జాబితా మీదే కాలేజీ సీటు వచ్చింది. సర్టిఫికెట్ ఎవరికీ చూపించొద్దని తల్లి గట్టిగా చెప్పింది. ఆ పేరు చదివి నవ్వుతారని ఆమె భయం. ఆ ఇజ్జత్ గొడవ నాకు అర్థమవుతుంది. మనలోనే సయ్యద్‌లమని, పఠాన్‌లమని చెప్పుకుంటూ ఆ పేరు విని పెదవి విరిచేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దాదీలు కూడా కక్కు కొట్టించిన రాయి మీదే మసాలా నూరారు. అమ్మాయి మాత్రం కాగితం తీసుకుని నేరుగా తాత దగ్గరికి పోయి, "దాదా, కక్కు అంటే ఏంది?" అని అడిగింది. ఆయన మాటల్లో చెప్పలేదు. కుళాయి కింద బట్టలు ఉతకడానికి వేసిన పాత సిల్‌ను తిప్పించి, నున్నబడ్డ గుంటల మీద ఆమె వేలు పెట్టి చూపించాడు. ఛేనీ ఇంకా ఇంట్లోనే ఉంది, బాత్‌రూం తలుపు పైన.