టీకాలు – ప్రజావిశ్వాసం: భారతదేశ అనుభవం

టీకా అనే మాట మన భాషల్లోకి ఇంగ్లీషు వైద్యంతో వచ్చినది కాదు. ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి టీకాను కనుగొనడానికి ముందే బెంగాల్, బీహార్, ఒడిశా ప్రాంతాలలో ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసే వృత్తిదారులు ఉండేవారు. వారిని టీకాదారులు అనేవారు. మశూచి పొక్కుల నుంచి సేకరించిన పదార్థాన్ని ఆరోగ్యవంతుని చేతిపై చిన్న గాటు పెట్టి ఎక్కించడం వారి పద్ధతి. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా బెంగాల్‌లో పనిచేసిన హాల్‌వెల్ 1767లో లండన్ వైద్యులకు దీనిని వివరించాడు. టీకా వేయించుకోదలచినవారు నెల ముందునుంచి చేపలు, పాలు, నెయ్యి మానివేసేవారు. కిందటి సంవత్సరం సేకరించి ఉంచిన పదార్థాన్ని గంగాజలంతో తడిపి వాడేవారు. మంత్రపఠనం సాగేది. ఆ తర్వాత చన్నీటి స్నానాలు ఉండేవి.

ఈ పద్ధతి నిరపాయకరమైనది కాదు. ఎక్కించేది అసలు మశూచి పదార్థమే కాబట్టి అది ఇతరులకు సోకే ప్రమాదం ఉండేది. అయినప్పటికీ ప్రజలు దానిని ఆదరించారు. టీకాదారు వారికి తెలిసినవాడు; శీతలాదేవి ఆరాధనకు అతని చికిత్సకు వైరుధ్యం లేదు. తెలుగునాట మశూచిని పెద్దమ్మవారు అనేవారు. అమ్మవారు పోసిందని చెప్పుకోవడమే కాని జబ్బు చేసిందని అనేవారు కారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పోలేరమ్మకు, ముత్యాలమ్మకు కొలుపులు జరిపేవారు. సోకినవారిలో దాదాపు మూడోవంతు మందిని బలిగొని, బతికిన వారెందరినో అంధులుగా మిగిల్చిన వ్యాధిని ఎదుర్కొనడానికి ప్రజలు తమకు తెలిసిన రీతిలో ఏర్పరచుకొన్న వ్యవస్థ అది. కొత్త టీకా ఈ వ్యవస్థ మధ్యకే వచ్చింది. దానిపట్ల ప్రజలు చూపిన వైఖరిని కేవలం అజ్ఞానంగా పరిగణించిన పాలకులు తరచు విఫలమయ్యారు.

కొత్త టీకా రాక

జెన్నర్ తన పరిశోధనను 1798లో ప్రకటించాడు. వేడికి చెడిపోయే ఆ రసిని సముద్రమార్గాన భారతదేశానికి చేర్చడం సాధ్యం కాలేదు. చివరికి అది కాన్‌స్టాంటినోపుల్, బాగ్దాద్, బస్రాల మీదుగా, ఒకరి భుజం నుంచి మరొకరి భుజానికి మారుతూ ప్రయాణించింది. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు వేసిన టీకా ఫలించింది. దేశంలో ఇతర ప్రాంతాలకు టీకా వ్యాపించడం అక్కడినుంచే మొదలయింది. థామస్ హికీ సుమారు 1805లో చిత్రించిన మైసూరు రాణుల చిత్రంలో ఒక రాణి చీరచెంగు తొలగి భుజం కనిపిస్తుంది. టీకా గుర్తును చూపడానికే అలా చిత్రించారని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. రాజకుటుంబాల ఆదర్శం అవసరమని కంపెనీ అధికారులు ఆనాడే గ్రహించారని దీనివల్ల ఊహించవచ్చు.

సామాన్య ప్రజలకు మాత్రం కొత్త పద్ధతి అనేక ఇబ్బందులు తెచ్చింది. టీకా వేసిన బిడ్డను దాదాపు ఎనిమిదో రోజున మళ్ళీ తీసుకొనిరావాలి. ఆ బిడ్డ చేతి పొక్కునుంచి తీసిన రసిని ఇతర పిల్లలకు ఎక్కించాలి. బిడ్డకు కలిగే బాధను చూసి తల్లులు వెనుకాడేవారు. అన్యకులస్థుల బిడ్డ శరీరంలోని రసి తమ బిడ్డకు ఎక్కడం అగ్రవర్ణాలకు సమ్మతం కాలేదు. అందువల్ల రసి కోసం పేదల పిల్లలపై, నిమ్నకులాల పిల్లలపై భారం పడింది. భుజం నుంచి భుజానికి మార్చేటప్పుడు ఇతర వ్యాధులు సోకుతాయన్న భయం కూడా నిరాధారమైనది కాదు. ఈ కష్టాలకు పరిష్కారంగా దూడలనుంచి రసి తయారుచేసే పద్ధతి పందొమ్మిదో శతాబ్దం చివరికి వ్యాపించింది. ఆ రసి ఉత్పత్తి కోసమే 1899లో మద్రాసు సమీపాన గిండీలో కింగ్ సంస్థ ఏర్పడింది.

ఈలోగా ప్రభుత్వం చట్టాన్ని ఆశ్రయించింది. బెంగాల్‌లో 1865 చట్టం కలకత్తాలో పాత టీకాను నిషేధించింది. 1880 టీకా చట్టం, అమలుకు వచ్చిన పట్టణాలలోను, కంటోన్మెంటులలోను పిల్లలకు టీకాను నిర్బంధం చేసింది. ప్రజలకు పరిచితుడైన టీకాదారు నేరస్థుడయ్యాడు. అతని స్థానంలో సర్కారు ఉద్యోగి వచ్చాడు. కొందరు పాత టీకాదారులకు కొత్త పద్ధతిలో శిక్షణ ఇచ్చి నియమించిన చోట్ల మార్పు కొంత సులభమయింది.

ప్లేగు నేర్పిన పాఠం

1896లో బొంబాయిలో ప్లేగు వ్యాపించింది. 1897 ఫిబ్రవరిలో వచ్చిన అంటువ్యాధుల చట్టం అధికారులకు అపరిమితమైన అధికారాలిచ్చింది. పుణెలో సైనికులు ఇళ్ళలో జొరబడి సోదాలు చేశారు. ప్లేగు కమిటీ అధ్యక్షుడు రాండ్ 1897 జూన్ 22న కాల్పులకు గురై తర్వాత మరణించాడు.

అదే సంవత్సరం జనవరి 10న వాల్డెమార్ హాఫ్‌కిన్ తాను బొంబాయిలో తయారుచేసిన ప్లేగు టీకాను ముందుగా తనకే వేసుకొన్నాడు. ఆగాఖాన్ తన అనుయాయుల సమక్షంలో బహిరంగంగా టీకా వేయించుకొని వారి భయాన్ని పోగొట్టాడు. అయితే 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో ఒకే సీసాలోని మందు వేయించుకొన్న 19 మంది ధనుర్వాతంతో మరణించారు. నింద హాఫ్‌కిన్‌పై పడింది. సికింద్రాబాద్‌లో 1897లో మలేరియా పరిశోధనను విజయవంతం చేసిన రొనాల్డ్ రాస్ ప్రభృతులు అతని పక్షాన వాదించిన తర్వాత 1907లో అతడు నిర్దోషిగా తేలాడు. ఆ మధ్యకాలంలో టీకాకు కలిగిన అపఖ్యాతి సులభంగా తొలగలేదు.

స్వాతంత్ర్యం తర్వాత

వ్యతిరేకత పరాయి పాలన పట్ల మాత్రమే కాదని స్వతంత్ర భారతం నిరూపించింది. క్షయ నివారణకు బి.సి.జి. టీకా 1948లో చిత్తూరు జిల్లా మదనపల్లెలో ప్రారంభమయింది. 1955లో రాజాజీ ఈ సామూహిక టీకాలను తీవ్రంగా వ్యతిరేకిస్తూ పుస్తకం ప్రచురించారు. దాని ప్రయోజనం రుజువు కాలేదన్నది ఆయన వాదన. కార్యక్రమం కొనసాగింది. 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో మొదలైన భారీ పరిశోధన ఫలితాలు పదేళ్ళ తర్వాత వెలువడినప్పుడు, పెద్దలకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా నిరోధించలేదని తేలింది. శిశువులలో తీవ్రమైన క్షయ రూపాలను అరికడుతుంది కాబట్టి నేటికీ అది జాతీయ కార్యక్రమంలో ఉన్నది. ప్రశ్నించినవారందరూ మూఢులు కారని, ప్రశ్నకు సమాధానం పరిశోధనేనని ఈ ఉదంతం చెబుతున్నది.

మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలయింది. 1974 విజృంభణ తర్వాత ఆరోగ్య సిబ్బంది ఇంటింటికి వెళ్ళి రోగులను వెదికారు. రోగి చుట్టుపక్కల అందరికీ టీకాలు వేశారు. సమాచారం ఇచ్చినవారికి బహుమతులు ప్రకటించారు. కొన్ని గ్రామాలలో బలవంతంగా టీకాలు వేసిన సంఘటనలు కూడా చరిత్రకెక్కాయి. 1975 మే తర్వాత దేశంలో మశూచి కనిపించలేదు. 1980 మే 8న ప్రపంచం మశూచి విముక్తమైనట్లు ప్రకటన వెలువడింది.

పోలియో విషయంలో మార్గం మరింత స్పష్టమయింది. 1995లో పల్స్ పోలియో మొదలయిన తర్వాత, పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో చుక్కల మందువల్ల సంతానం కలగదన్న వదంతి వ్యాపించింది. ఇతర సేవలేవీ అందని బస్తీలకు చుక్కల మందు మాత్రమే పదేపదే రావడం అనుమానాన్ని పెంచింది. స్థానిక మహిళలను కార్యకర్తలుగా నియమించి, ఇమాముల చేత, విద్యాసంస్థల చేత చెప్పించి, పారిశుధ్యం గురించి కూడా మాట్లాడిన తర్వాత తలుపులు తెరుచుకొన్నాయి. చివరి కేసు 2011 జనవరి 13న హౌరా జిల్లాలో నమోదయింది. 2014 మార్చి 27న భారతదేశానికి పోలియో రహిత ధ్రువపత్రం లభించింది.

2021లో కోవిడ్ టీకాల సందర్భంలోనూ ఇదే ప్రశ్న ఎదురయింది. హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్‌కు మూడో దశ ఫలితాలు వెలువడకముందే జనవరి 3న అనుమతి ఇవ్వడం విమర్శలకు దారితీసింది. ఆ ఏడాది అక్టోబర్ 21కి దేశంలో వేసిన టీకాలు 100 కోట్లకు చేరాయి.

రెండు శతాబ్దాల ఈ చరిత్రలో నిర్బంధం కొంతమేరకు టీకాలు వేయించగలిగింది, కాని విశ్వాసాన్ని కలిగించలేకపోయింది. సందేహాన్ని ఓపికగా విని, తెలిసిన విషయాన్ని దాచకుండా చెప్పి, టీకా వేసే బాధ్యతను ప్రజలు ఎరిగినవారికి అప్పగించిన చోట టీకా నిలదొక్కుకొన్నది. ప్రతి సంవత్సరం పుట్టే కోట్లాది శిశువుల తల్లిదండ్రులకు ఈ విశ్వాసం కొత్తగా కలిగించవలసి ఉంటుంది. ఆరోగ్య పాలనలో ఎన్నటికీ ముగియని బాధ్యత ఇది.