తక్కువ ఖర్చులో ఫోర్ బై ఫోర్ డ్రైవ్, క్యాంపింగ్: దేవరాపల్లి నుంచి మన్యం వెళ్లే ముందు ఇవి తెలుసుకోండి

ఫోర్ బై ఫోర్ బండి, కొండదారి, రాత్రికి టెంట్. సోషల్ మీడియాలో ఈ వీడియోలు చూసి ‘ఇదంతా డబ్బున్నోళ్ల సరదా’ అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ప్లానింగ్ సరిగ్గా ఉంటే నలుగురు స్నేహితులు రెండు రోజుల ట్రిప్‌ను ఒక్కొక్కరు రెండు వేల రూపాయల లోపే ముగించొచ్చు. ఖర్చు ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ అస్సలు తగ్గించకూడదు అన్నది తెలిస్తే చాలు. అనకాపల్లి జిల్లా దేవరాపల్లి పరిసరాలను ఉదాహరణగా తీసుకుని ఆ వివరాలు చూద్దాం.

దేవరాపల్లే ఎందుకు?

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో దేవరాపల్లి మండలం అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. విశాఖ నుంచి సుమారు 60 కిలోమీటర్లు. శారదా నదిపై కట్టిన రైవాడ జలాశయం ఇక్కడే ఉంది. మండలం దాటితే అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలం కొండలు మొదలవుతాయి. పినకోట, జీనబాడు వైపు గిరిజన గ్రామాలకు రాకపోకలు దేవరాపల్లి మీదుగానే ఎక్కువ. పడమరగా చీడికాడ, మాడుగుల మీదుగా వెళ్తే పాడేరు ఘాట్ ఎక్కొచ్చు. అంటే మైదానం, జలాశయం, ఘాట్ రోడ్డు, మట్టిదారి అన్నీ ఒకే ట్రిప్‌లో చూసేయొచ్చు. దూరం తక్కువ కాబట్టి డీజిల్ ఖర్చూ తక్కువే.

అసలు ఫోర్ బై ఫోర్ అవసరమా?

ఖర్చు తగ్గించాలంటే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. లంబసింగి, పాడేరు, అరకు వెళ్లడానికి ఫోర్ బై ఫోర్ అక్కర్లేదు. తారు రోడ్లున్నాయి. రాజమహేంద్రవరం నుంచి చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్లే 516ఈ జాతీయ రహదారి పనులతో ఈ దారులు ఇంకా మెరుగుపడుతున్నాయి. ఎత్తు ఎక్కువున్న మామూలు బండి, మంచి టైర్లు ఉంటే వేసవి, చలికాలాల్లో చాలా మట్టిదారులు కూడా దాటొచ్చు.

నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందాల్సిన అవసరం బురదలో, ఇసుకలో, రాళ్లు తేలిన ఏటవాలు దారిలో వస్తుంది. ఒక చక్రం జారినా మిగతావి లాగుతాయి. అయితే ఒక్క విషయం: ఫోర్ బై ఫోర్ ముందుకు వెళ్లడానికే సాయపడుతుంది. బ్రేకు వేస్తే ఆగే దూరాన్ని అది తగ్గించదు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ‘మనది ఫోర్ బై ఫోర్ కదా’ అన్న ధీమా పనికిరాదు.

బండి సంగతి: కొనాలా, అద్దెకా?

ఏడాదికి ఒకటి రెండు ట్రిప్పులైతే కొనడం దండగ. మూడు దారులున్నాయి.

1. స్థానిక జీపు. బొర్రా నుంచి కటికి జలపాతం వైపు స్థానికులు జీపులు నడుపుతున్నారు. దారి తెలిసిన డ్రైవరే ఉంటాడు, ఖర్చు నలుగురూ పంచుకోవచ్చు. మన డబ్బు ఊరివాళ్లకే అందుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే బెస్ట్.

2. సెల్ఫ్ డ్రైవ్ అద్దె. నల్ల నంబర్ ప్లేటుపై పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటు సొంత బండిని అద్దెకు తీసుకుంటే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు. మట్టిదారిలో నడపడానికి ఒప్పందంలో అనుమతి ఉందో లేదో ముందే చదువుకోవాలి.

3. సెకండ్ హ్యాండ్. మహీంద్రా ఎంఎం540, 2010 నుంచి 2020 మధ్య వచ్చిన పాత థార్, మారుతి జిప్సీ మార్కెట్‌లో కనిపిస్తుంటాయి. 1985లో వచ్చిన జిప్సీ ఇప్పుడు షోరూముల్లో లేదు కాబట్టి పాతదే దిక్కు. దాని స్థానంలో అన్నట్టుగా 2023 జూన్‌లో జిమ్నీ వచ్చింది, అప్పటి ప్రారంభ ఎక్స్ షోరూమ్ ధర 12.74 లక్షల రూపాయలు.

పాత బండి చూసేటప్పుడు మరిచిపోకూడనివి:

- పేరు చూసి మోసపోవద్దు. 2023 జనవరి నుంచి థార్‌లో టూ వీల్ డ్రైవ్ రకం కూడా అమ్ముతున్నారు. గేరు రాడ్డు పక్కన ఫోర్ బై ఫోర్ మార్చే రెండో లివర్ ఉందో లేదో చూడాలి.
- ఆ లివర్ వేసి మట్టిలో కాస్త దూరం నడిపి చూడాలి. గేరు పడకపోయినా, గరగర శబ్దం వచ్చినా రిపేరు ఖర్చు జేబుకు చిల్లే.
- కింద పడుకుని చాసిస్ తుప్పు, ఆయిల్ లీకేజీ చూడాలి. చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి.
- సొంత వాహనాల రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఆ ఖర్చూ లెక్కలో వేసుకోవాలి.

ఖర్చు లెక్క ఇలా

విశాఖ, దేవరాపల్లి, మాడుగుల, పాడేరు చుట్టి తిరిగి విశాఖ. అటూ ఇటూ తిరిగిన దూరంతో కలిపి 300 కిలోమీటర్లు అనుకుందాం. బండి లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తే 30 లీటర్లు. లీటరు వంద రూపాయలు వేసుకున్నా 3,000. సరుకులు, పాలు, మంచినీళ్లకు 1,600. టెంట్ వేసుకునే స్థలం, పార్కింగ్‌లకు 1,000. పంక్చరు లాంటి అవసరాలకు పక్కన పెట్టేది 1,000. మొత్తం 6,600. నలుగురికి పంచితే తలా 1,650 రూపాయలు. ఇది సొంత బండి ఉన్నవాళ్ల ఉజ్జాయింపు లెక్క. అద్దె బండైతే ఆ అద్దె అదనం. లో గేర్‌లో ఎక్కువసేపు నడిపితే మైలేజీ బాగా పడిపోతుంది కాబట్టి కొండ ఎక్కే ముందే, మైదానంలోనే ట్యాంకు నింపుకోవాలి.

మాడుగుల వెళ్లినవాళ్లు అక్కడి హల్వా కొనకుండా రారు. దానికి బడ్జెట్ ఎవరిష్టం వాళ్లది.

ఇంట్లో ఉన్నవాటితోనే సగం సామాను

ఖరీదైన క్యాంపింగ్ సామాను కొనేముందు ఇల్లు, పొలం ఒకసారి చూసుకోండి.

- టెంట్: ప్రాథమిక రకం రెండు మూడు వేలకే దొరుకుతుంది. కింద పరచడానికి, పైన కప్పడానికి రైతులు ధాన్యం మీద కప్పే బరకం సరిపోతుంది.
- బురదలో దిగబడితే: టైర్ల కింద వేసే ప్రత్యేక పలకల బదులు నాలుగు గోనె సంచులు, ఒక పార. మెత్తటి నేలలో జాకీ దిగబడకుండా కింద పెట్టడానికి ఒక చెక్క పలక.
- పడక: దుప్పట్లు, పాత బొంత చాలు. కానీ డిసెంబరు, జనవరిలో చింతపల్లి, లంబసింగి వైపు ఉష్ణోగ్రత కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి పడిపోతుంది. స్వెట్టరు, మంకీ క్యాపు తప్పనిసరి.
- వంట: ఐదు కిలోల ‘ఛోటు’ సిలిండరు అడ్రస్ ప్రూఫ్ లేకుండా గుర్తింపు కార్డుతోనే ఇస్తారు. మొదటి రోజుకు ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్తే ఒక పూట వంట తప్పుతుంది. చోడి పిండి ఉంటే పొద్దున్నే అంబలి రెడీ.

ఇక వీటి దగ్గర మాత్రం పిసినారితనం వద్దు: టైర్లు, బ్రేకులు, స్టెప్నీ, గాలి నింపే చిన్న పంపు, ఫస్ట్ ఎయిడ్ కిట్, బండి బరువుకు తగ్గ టోయింగ్ తాడు. పశువులను కట్టే నైలాన్ తాడుతో బండిని లాగితే అది తెగి కొరడాలా వెనక్కి కొడుతుంది. లాగేటప్పుడు తాడుకు దగ్గర్లో ఎవరూ నిలబడకూడదు.

దారిలో ఎలా నడపాలి?

- పొడి తారు రోడ్డుపై ఫోర్ బై ఫోర్ వేయొద్దు. థార్, జిమ్నీ, జిప్సీ లాంటి బండ్లలో మలుపు తిరిగినప్పుడు గేర్ల వ్యవస్థపై ఒత్తిడి పడి పాడవుతుంది. మట్టి, బురద మొదలయ్యాకే వేయాలి.
- మెత్తటి నేలలో టైర్ల గాలి కొంత తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాల్సిందే. అందుకే పంపు లేకుండా గాలి తీయొద్దు.
- డీజిల్ ఆదా అవుతుందని దిగుడులో న్యూట్రల్ వేస్తుంటారు కొందరు. ఇంతకంటే ప్రమాదం లేదు. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. మట్టి దిగుడైతే లో గేరు.
- ఇరుకు ఘాట్‌లో ఎక్కే బండికే ముందు దారి ఇవ్వాలి. ఇది డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది.
- గెడ్డ దాటాలంటే ముందు ఒకరు కర్రతో నడిచి లోతు, అడుగున రాళ్లు చూడాలి. నడిచి దాటలేని గెడ్డను బండితోనూ దాటొద్దు. నీళ్లలో గేరు మార్చకూడదు. మధ్యలో ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లిన నష్టం మామూలు ఇన్సూరెన్స్‌లో రాదు, దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోవాలి.

టెంట్ ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు?

గెడ్డ ఒడ్డున ఇసుక మెత్తగా బాగుంటుంది, కానీ పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా నిమిషాల్లో నీళ్లు వచ్చేస్తాయి. ఎత్తైన, చదునైన చోటే చూసుకోవాలి. ఎండిన కొమ్మలున్న చెట్టు కింద వద్దు. టెంట్‌లో పొయ్యి, బొగ్గుల కుంపటి పెట్టి పడుకోవద్దు. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఏసీ వేసుకుని కదలని బండిలో నిద్రపోవడమూ అంతే.

మన్యంలో మలేరియా ఉంది, స్క్రబ్ టైఫస్ కేసులూ వస్తుంటాయి. దోమతెర, నిండు చేతుల చొక్కా, ప్యాంటు తప్పనిసరి. పొదల్లో, గడ్డిపై నేరుగా పడుకోవద్దు. వచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే మన్యం వెళ్లొచ్చిన సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పాలి.

రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు పెట్టడం నేరం. ఖాళీగా కనిపించిన జాగా ఏదో ఒక కుటుంబం పోడు భూమో, కాఫీ తోటో అయి ఉంటుంది. ఊళ్లో అడిగి, అడిగినంత ఇచ్చి టెంట్ వేసుకోవడం మర్యాద, భద్రత కూడా. రైవాడ జలాశయం నుంచి విశాఖ నగరానికి తాగునీరు వెళ్తుంది. అందుకే గట్టు దగ్గర టెంట్లు, నీళ్లలో బండి కడగడం లాంటివి వద్దు. వానాకాలంలో గేట్లు ఎత్తితే దిగువన శారదా నది ఒక్కసారిగా పెరుగుతుంది.

అక్కడివాళ్లకు అది సరదా దారి కాదు

ఈ కొండల్లో ఇప్పటికీ సరైన రోడ్డు లేని గ్రామాలున్నాయి. గర్భిణులను, రోగులను డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొస్తున్న వార్తలు తరచూ చూస్తూనే ఉన్నాం. గిరిజన గ్రామాలకు రోడ్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ‘అడవితల్లి బాట’ కార్యక్రమం మొదలుపెట్టింది.

సిటీ నుంచి వచ్చినవాళ్లకు ‘ఛాలెంజ్’గా కనిపించే ఆ మట్టిదారే ఊరివాళ్లకు ఆసుపత్రికి, సంతకు, బడికి ఉన్న ఒకే ఒక్క దారి. వాన కురిసిన మర్నాడు నాలుగు బండ్లు దానిపై చక్రాలు తిప్పితే లోతైన గాళ్లు పడతాయి. అవి ఎండి గట్టిపడితే మరుసటి రోజు ఆటో, బైకు అంబులెన్సు ఇరుక్కుపోతాయి. కాబట్టి రోడ్డు తడిగా ఉంటే ఆగండి. దారికి అడ్డంగా బండి పెట్టొద్దు. దిగబడి గొయ్యి పడితే రాళ్లు, మట్టి వేసి పూడ్చే కదలండి. గోనె సంచీ, పార అందుకూ పనికొస్తాయి.

మార్పులు చేయిస్తున్నారా? జాగ్రత్త

పెద్ద టైర్లు, ఇనుప బంపర్లు, పెంచిన సస్పెన్షన్‌తో బండి అదిరిపోతుంది కానీ చలానా కూడా అలాగే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు భిన్నంగా మార్చకూడదు. ఉల్లంఘిస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. బుల్ బార్లపై చర్యలు తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. బడ్జెట్ ట్రిప్‌కు ఇవేవీ అవసరం లేదు. ఆ డబ్బుతో నాలుగు మంచి టైర్లు వస్తాయి.

తరచూ అడిగే ప్రశ్నలు

ఏ నెలల్లో వెళ్లాలి?
అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు గెడ్డలు పొంగుతాయి, కొండచరియలు జారతాయి. తుపాను హెచ్చరిక ఉంటే ట్రిప్ వాయిదా వేసుకోవాల్సిందే.

ఒక్క బండితో వెళ్లొచ్చా?
తారు రోడ్డు, ఊళ్ల మధ్య దారులైతే పర్లేదు. మారుమూల మట్టిదారికి కనీసం రెండు బండ్లు ఉండాలి. ఒకటి దిగబడితే రెండోది లాగుతుంది.

చెక్‌పోస్టుల్లో ఇబ్బంది ఉంటుందా?
గంజాయి రవాణా కారణంగా ఏజెన్సీ దారుల్లో తనిఖీలు ఉంటాయి. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకుని సామాను చూపిస్తే సరిపోతుంది. తెలియనివాళ్లు ఇచ్చిన సంచులు, పార్శిళ్లు మాత్రం బండిలో పెట్టుకోవద్దు.

ఫోన్ సిగ్నల్ లేకపోతే?
కొండ ఎక్కాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఏ దారిలో వెళ్తున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు అన్నది ఇంట్లో చెప్పి వెళ్లాలి. అత్యవసరమైతే 108 లేదా 112కు ఫోన్ చేయాలి.

చెత్త ఏం చేయాలి?
తీసుకెళ్లిన ప్లాస్టిక్, సీసాలు అన్నీ అదే బండిలో తిరిగి తీసుకురావాలి. ఒక ఖాళీ గోనె సంచి చాలు, దీనికి పైసా ఖర్చు లేదు.